మునిగిన ఊళ్ళో కిటికీ మనిషి

లిపోవో పై వీధిలోకి చీకటిపడ్డాక ఎవరూ అడుగుపెట్టేవారు కాదు.

ఆనకట్ట నీళ్ళలో మునిగిపోయిన ఊళ్ళో ఇంకా వీధేమిటి అంటారా? నేను చెప్పేది కంప్యూటర్‌లో లిపోవో సంగతి. చదరపు దిమ్మలు పేర్చి ఇళ్ళు కట్టే ఆట ఉంది చూశారూ... అందులో మా సంఘంవాళ్ళంతా కలిసి ఆ ఊరిని మళ్ళీ కట్టుకొస్తున్నారు. ఆ ఆటలోనూ పొద్దు పొడుస్తుంది, పొద్దు కుంకుతుంది. కుంకిందంటే చాలు — పై వీధి మొదటి ఇంటి కిటికీలో ఎవడో నిలబడతాడు!

"మూలుగుతాడు కూడా... ముక్కుతో" అని గుసగుసలాడేవారు చూసినవాళ్ళు. చూసినవాడల్లా అక్కణ్ణుంచే వెనక్కి పరుగు లంకించుకున్నాడు. ఆ ఇల్లు దాటి లోపలికి వెళ్ళిన మొనగాడు లేడు.

ఆ తర్వాత జరిగింది రుమ్యానా చెప్పగా విన్నాను. పై వీధి కట్టింది ఆవిడ మొగుడు ఓగ్న్యానే. కట్టుడుపళ్ళు చేయడం అతని వృత్తి, కోతలు కోయడం అలవాటు.

ఆ శనివారం సాయంత్రం లిపోవోలో పుట్టి పెరిగిన ముసలివాళ్ళంతా మా సంఘం హాలుకి వస్తున్నారు, తమ ఊరిని తెర మీద చూసుకోవడానికి. ఈ పనంతా నెత్తికెత్తుకున్న జ్లాత్కా టీచరు పొద్దున్నే ఫోన్ చేసింది.

"ఓగ్న్యాన్, ఆ దెయ్యం సంగతేదో తేల్చు. యోర్దానా అవ్వది అసలే బలహీనమైన గుండె. తెర మీద అలాంటిది కనబడిందంటే... నేను చెప్పక్కర్లేదనుకుంటా."

"దెయ్యమా, గాడిదగుడ్డా! నేను చూసుకుంటాగా, టీచరమ్మా."

అన్నాడే గాని, మధ్యాహ్నం నాలుగింటి దాకా కంప్యూటర్ దగ్గరికి పోలేదు. చివరికి కూర్చున్నాడు. బయట ఎండ మండిపోతోంది. బాల్కనీలో రుమ్యానా మిరపకాయలు కాలుస్తోంది. తెర మీద మాత్రం... చిమ్మచీకటి.

ఆటలో కాగడా పట్టుకుని పై వీధిలోకి తిరిగాడు. మొదటి ఇల్లు. కిటికీ ఖాళీ.

"హు! పిరికి సన్నాసులు" అనుకున్నాడు.

అప్పుడు — కిటికీలోకి ఒక ముక్కు వచ్చింది. ముందు ముక్కు... ఆ వెనక మొహం. కనుబొమ్మలు రెండూ కలిసిపోయి, గుడ్లప్పగించి చూస్తోంది.

"హ్మ్మ్..."

ఓగ్న్యాన్ మెల్లగా పక్కకి తిరిగాడు. ఎదురింటి కిటికీలో... అదే ముక్కు. అదే చూపు. దాని పక్కింట్లో... అదే మొహం. వీధి పొడుగునా, కిటికీ కిటికీకీ, వాడే! అందరూ ఇతనికేసే చూస్తున్నారు.

"హ్మ్మ్... హ్మ్మ్... హ్మ్మ్..."

"అమ్మో!"

రుమ్యానా పట్టకారుతో సహా పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది? ఎవరు పోయారు?"

"ఇంకా ఎవరూ పోలేదు" అన్నాడు ఓగ్న్యాన్, కుర్చీ వెనక నుంచి.

ఆవిడ తెరకేసి చూసింది. మొగుడికేసి చూసింది.

"నిజం చెప్పు. ఈ ఇళ్ళన్నీ నువ్వు కట్టావా, ఒకటి కట్టి మిగతావి కాపీ కొట్టావా?"

ఓగ్న్యాన్ కుర్చీ వీపు మీద లేని దుమ్ము దులిపాడు.

"కాపీ చేసేటప్పుడు 'ప్రాణులతో సహా' అన్న గడిలో టిక్కు పెట్టావా?"

"...అదేంటో నాకేం తెలుసు? ఉన్న గడులన్నిట్లో పెట్టాను."

అదీ సంగతి. ఆటలో వాళ్ళంతట వాళ్ళు తిరిగే బొమ్మ మనుషులుంటారు, పొడుగు ముక్కులతో మూలుగుతూ; చీకటి పడితే ఇళ్ళలోకి చేరతారు. కాపీ చేసే వేళకి వాళ్ళలో ఒకడు ఇంట్లో దూరి ఉన్నాడు. ఇంటితోపాటు వాడూ పేస్టయ్యాడు... ప్రతి ఇంట్లోనూ!

"ఇంతేనా!" అని ఓగ్న్యాన్ చేసిన పనిని వెనక్కి తిప్పే మీట నొక్కాడు. మనుషులు మాయమయ్యారు. వాళ్ళతోపాటు ఇళ్ళూ మాయమయ్యాయి! వీధి ఉన్నచోట ఉత్త పచ్చగడ్డి. గబగబా మళ్ళీ తెప్పించాడు. ఇళ్ళొచ్చాయి. ముక్కులూ వచ్చాయి. అంతలో జ్లాత్కా టీచరు మళ్ళీ ఫోన్ చేసింది.

"ముసలాళ్ళు వచ్చేశారు. నువ్వెక్కడ చచ్చావ్?"

హాలు నిండిపోయింది. ఓగ్న్యాన్ తెర మీద ఊరు చూపిస్తున్నాడు. చర్చి, పిండిమర, వంతెన... ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. పై వీధి దగ్గర గభాలున మలుపు తిప్పేయబోయాడు.

"ఆగు నాయనా" అంది యోర్దానా అవ్వ. "అది మా ఇల్లు."

సరిగ్గా అప్పుడే ఆటలో చీకటి పడింది. కిటికీలోకి ముక్కు వచ్చింది.

జ్లాత్కా టీచరు నీళ్ళ గ్లాసు పట్టుకుని లేచింది. అవ్వ కర్ర ఊతంతో తెర దాకా నడిచింది. తేరిపార చూసింది. 

"పెంచో! ఆ కిటికీ దగ్గర నిలబడొద్దని ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు? గాలి కొట్టి మెడ పట్టేస్తుంది. లోపలికి పో!"

పెంచో అవ్వ మొగుడు, ఎప్పుడో పోయాడు. కిటికీలో మనిషి వెనక్కి తిరిగాడు. లోపలికి పోయాడు.

"నేనేం నొక్కలేదు" అన్నాడు ఓగ్న్యాన్, రెండు చేతులూ పైకెత్తి. "ఒట్టు!"

వెనక వరసలో కుర్చీలు కిర్రుమన్నాయి. చేతికర్రలు టకటకలాడాయి. "ఎదురింట్లో మా మామయ్యే!" "ఆ పక్కింట్లో మా తాత, ఆ ముక్కు మా వంశానిదే!" ముసలివాళ్ళంతా ఎగబడి తెర దగ్గరికొచ్చారు. అందరినీ తోసుకుని ఒక బట్టతల పెద్దాయన ముందుకొచ్చి, కిటికీకి నోరు ఆనించి రహస్యంగా అడిగాడు:

"నాన్నా... ఊరు మునిగేముందు ఆ సారా జాడీ ఎక్కడ పాతిపెట్టావ్?"

"తోసుకోకండి!" అంది జ్లాత్కా టీచరు, గ్లాసులో నీళ్ళు తనే గటగటా తాగేసి. "ఒక్కొక్కరుగా అడగండి!"