అలసట నేర్చిన కుట్టుమెషీన్

"ఆగాలనిపిస్తే ఆగండి నూకరత్నం గారూ. తొడుగులు మాత్రం తియ్యకండి," అంది డాక్టర్ వాగ్దేవి.

నూకరత్నం రెండు చేతులకూ భుజాల దాకా ఉల్లిపొరంత పల్చని తొడుగులున్నాయి. వాటి నిండా కంటికి కనబడని సెన్సర్లు. సూది గుచ్చినప్పుడు వేలు ఎంత నొక్కిందీ, దారం లాగినప్పుడు మణికట్టు ఎంత తిరిగిందీ, భుజం ఎక్కడ బిగిసిందీ అంతా ఎదురుగా గోడ మీద రంగు గీతలై పాకుతోంది. ఆ గీతల వంక చూడటం ఆమె మూడో రోజుకే మానేసింది. ఇది పదకొండో రోజు.

విశాఖపట్నంలోని ఈ ప్రయోగశాలకు ఆమె వచ్చింది నిజానికి మెషీన్ ఎంచుకోవడానికి. అనకాపల్లిలో వాళ్ళ మహిళా సంఘం పసిపిల్లల బొంతలు కుడుతుంది. ఐదు పొరల పాత నూలు చీరలు, పైపొర మీద ఒక మూల బిడ్డ పేరు, పేరు పక్కన చిన్న చిలక. పుట్టిన దగ్గర్నుంచి ఏసీ గది దాటని పిల్లలకు ఆ మెత్తదనం మంచిదని డాక్టర్లు చెప్పడం మొదలయ్యాక, ఒక పెద్ద ప్రసూతి ఆస్పత్రి ఏడాది పొడవునా బొంతలు కావాలంది. ఆలస్యమైతే ఆర్డరు ఇంకొకరికి పోతుంది. తొమ్మిదిమంది ఆడవాళ్ళు చేత్తో కుట్టి అందించే పని కాదది. ప్రభుత్వం మంజూరు చేసింది ఒకే ఒక్క మెషీన్. ముప్పయ్యేళ్ళుగా సూది పట్టిన మనిషి గనక ఎంచుకొచ్చే పని నూకరత్నం నెత్తిన పడింది.

మొదటి రోజు రెండు మెషీన్లు నడిపి చూసింది. ఒకటి ఎంబ్రాయిడరీది. చిలక ముక్కు వంపు కూడా ముచ్చటగా తీర్చింది గానీ, ఐదు పొరలు పెట్టేసరికి సూది ఫట్‌మని విరిగింది. రెండోది బొంతలది. సూదికీ మెషీన్ పక్క స్తంభానికీ మధ్య బోలెడంత చోటు, బొంతను చుట్టి లోపలికి తోసెయ్యొచ్చు. పొరలన్నీ జారకుండా ఒక్కటిగా నడిపించింది. పేరు కుట్టమంటే మాత్రం పల్చటి గుడ్డను పీకి ముడతలు చేసింది.

"ఏది తీసుకెళ్ళినా సగం పని చేత్తోనే మేడమ్," అని కుర్చీలో కూలబడింది నూకరత్నం.

"రెండూ చెయ్యగలిగేది నా దగ్గరొకటి ఉంది. కానీ దానికింకా ఏమీ రాదు. ఒక చెయ్యిని చూసి నేర్చుకోవాలి," అంది వాగ్దేవి. "ఒక్క పొర మీద దారం ఎంత తేలిగ్గా లాగాలి, ఐదు పొరల్లో సూది ఎంత బలంగా దింపాలి, దారం బిగువు ఎప్పుడు మార్చాలి? అడిగితే మీరు చెప్పలేరు. మీ చేతికి తెలుసు. దాన్నే మెషీన్‌కి ఎక్కిస్తాను. మూడు వారాలు, రోజంతా కుట్టాలి."

నూకరత్నం కుడి భుజం నొక్కుకుంది. ఎక్కడున్నా కుట్టడం తప్పదు. ఈ మూడు వారాలూ కుట్టి పారేస్తే, ఆ తర్వాత భుజానికి సెలవు. "అదే ఇప్పించండి," అంది.

సంఘంలోలాగా తొందరపెట్టేవాళ్ళు అక్కడ లేరు. భుజం పట్టేసినప్పుడల్లా సూది వదిలేసి, గోడకు ఆనుకుని కాసేపు కళ్ళు మూసుకునేది. పెళ్ళయ్యాక అంత నెమ్మదిగా ఎప్పుడూ కుట్టలేదు.

మూడు వారాలయ్యాక మెషీన్ అనకాపల్లి వచ్చింది. మొదటి బొంతను అటూ ఇటూ తిరగేసి చూసి, "ఇది నువ్వు కుట్టావా, అది కుట్టిందా?" అని అడిగింది సంఘం ప్రెసిడెంటు అప్పలకొండమ్మ. చిలకా అదే, కుట్టూ అదే. ఆ వారమంతా నూకరత్నం గుడ్డ అందిస్తూ కూర్చుంది.

రెండో వారం, పొద్దుట్నుంచీ ఆపకుండా నడపడం మొదలెట్టాక, మధ్యాహ్నం పన్నెండింటికి మెషీన్ ఆగిపోయింది. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, సూది మాత్రం పైకి లేచి నిలబడింది. ఇరవై నిమిషాలకు దానంతటదే మొదలైంది. మూడింటికి మళ్ళీ ఆగింది. మర్నాడూ అంతే.

కబురందుకుని వాగ్దేవి వచ్చింది. రోజంతా పరీక్షించి, "చెడిపోలేదండీ," అంది. "నూకరత్నం గారి చెయ్యి మొత్తాన్ని నేర్చుకుంది. ఆవిడ భుజం పట్టేసి ఆగినట్టే ఇదీ ఆగుతోంది."

"ఆ ముక్క తీసెయ్యలేరా?" అంది అప్పలకొండమ్మ.

"తీసి చూశాను. ఆపకుండా నడిపితే కుట్టు బిగిసి బొంత ముడుచుకుపోతోంది. కాసేపు ఆగి మళ్ళీ మొదలుపెట్టినప్పుడే దారం సరిగ్గా వదులుతోంది. దీని పనితనమంతా ఆ విరామాలతోనే ముడిపడి ఉంది. ఆగనివ్వండి."

నూకరత్నం తల వంచుకుంది. ఇన్నేళ్ళుగా కట్టుకున్నవాడికి కూడా చెప్పని నొప్పి అందరి ముందూ బయటపడ్డట్టు సిగ్గనిపించింది. ఎక్కడో కొంచెం తేలికగానూ ఉంది. ఎవరో ఒకరు పట్టించుకున్నారు కదా.

మర్నాటి నుంచి మెషీన్ ఆగగానే అందరూ గొంతు తగ్గించి మాట్లాడాలని అప్పలకొండమ్మ చెప్పింది. వేడెక్కకుండా టేబుల్ ఫ్యాను దాని వైపు తిప్పించింది. ఆస్పత్రి ఆర్డరు మాత్రం ఆగదు కదా.

"అది ఆగిన సేపు నువ్వు అందుకో రత్నం. నీ కుట్టయితేనే దాంతో కలుస్తాది. ఇంకెవరు కుట్టినా తేడా తెలిసిపోద్ది."

"భుజం లాగేస్తందక్కా."

"నువ్వు మనిషివి, ఎలాగో సర్దుకుంటావు. అది మెషీను. మొరాయిస్తే మనం ఏం చేస్తాం?"

నూకరత్నం సగం కుట్టిన బొంతను ఒళ్ళోకి లాక్కుంది.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం వాగ్దేవి ఫోన్ చేసింది. నూకరత్నం ఫోన్‌ను ఎడమ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది. చేతిలో సూది ఆగలేదు.

"మెషీన్ ఎలా ఉందండీ?"

నూకరత్నం అటు చూసింది. సూది పైకెత్తుకుని, ఫ్యాను గాలికి చల్లగా ఉంది.

"బాగుంది మేడమ్," అంది గొంతు తగ్గించి. "ఇప్పుడే నడుం వాల్చింది."