ఏడో రోజు పెట్టాల్సిన పేరు

కొర్లగుంటలో నీళ్లు దినం విడిచి దినం వస్తాయి, అదీ పొద్దున ఆరు నుంచి ఆరున్నర దాకా. ఆ అరగంటలో ఎనిమిది బిందెలు, రెండు డ్రమ్ములు నిండాలి. ఆ సంగతి వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు, ఒక్క హజరత్ వలికి తప్ప. కొళాయి కింద బిందె పొర్లి నీళ్లు కాలవలోకి పోతుంటే, ఆ మహానుభావుడు పక్కనే స్టూలేసుకుని, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని ఫోన్లో కథ చదువుతున్నాడు.

"ఏమయ్యా! కండ్లు కనపడలేదా? నీళ్లన్నీ కాలవపాలాయె!" వాకిట్లోంచి అరిచింది షహర్‌బాను.

"ఒక్క నిమిషం బానూ. ఈడ మామిడితోపులో గాలివాన కొడ్తా ఉండాది."

"నీ తోపు తగలెయ్యా! డ్రమ్ములో చుక్క లేదు!"

పెళ్లయి ఇరవై తొమ్మిదేళ్లు. దూది ఏకి పరుపులు కుట్టే ఆ మనిషి నోట్లోంచి రోజుకు పది మాటలు రాలితే గొప్ప. "కూర బాగుండాది", "సూది యాడ?", "పొయ్యొస్తా". అంతే. అలాంటి మనిషికి ఆరు నెలలుగా ఈ కథల యాప్ పిచ్చి పట్టింది. లోహిత అని ఎవరో పిల్ల, రేణిగుంటలో ఫ్యాక్టరీ పని. డ్యూటీ దిగాక హాస్టల్లో కూర్చుని తన సొంతూరు పూతలపట్టు మీద సీరియల్ రాస్తుంది. ఒక భాగంలో ఎద్దు అన్నది ఇంకో భాగంలో ఆవు అయిపోతుందని కూతురు అఖ్సా నవ్వుతుంది. చదివేది కూడా ముప్పై మందికి మించరు.

అయినా అది చదవందే ఈయనకు కాఫీ దిగదు. చదివి ఊరుకుంటాడా? "బాగా రాస్తాండావు తల్లీ" అని మొదలుపెట్టి కథ కింద కామెంట్లలో పేజీలకు పేజీలు రాస్తాడు. వీళ్లదీ పూతలపట్టే. ఫోము పరుపులొచ్చి ఆ ఊళ్లో ఏకుడు పని తగ్గిపోయాక, ఇరవై రెండేళ్ల కిందట వదిలేసి వచ్చారు. ఆ ఊరి సంగతులన్నీ ఆ పిల్లకు ఏకరువు పెడతాడు. కట్టుకున్నదానితో పది మాటలు, ముక్కూ మొహం తెలియని పిల్లతో పదివేలు. షహర్‌బానుకు ఒళ్లు మండదా మరి?

ఆయన పరుపుల అంగడికి పోయాక చూస్తే ఫోను ఛార్జింగులోనే ఉంది. మరిచిపోయాడు. ప్రైవేటు బళ్లో పాఠాలు చెప్పే అఖ్సాకు ఆదివారం సెలవు, ఇంట్లోనే ఉంది.

"అంత ఏం ఒరగబెట్టిందో సూస్తాం, చదువు," అంటూ షహర్‌బాను అనపకాయల చాట ముందేసుకుని ఒలుస్తూ కూర్చుంది.

అఖ్సా మొదలుపెట్టిందో లేదో కిసుక్కున నవ్వింది. "ఇందులో మొగుడు దూదేకుతాడంట. పెండ్లాం పేరు షరీఫా. కోపమొస్తే చెంబు ఇసురుతాదంట మా!"

"నేనెప్పుడు ఇసిరినా?"

"పోయిన వారమే."

"అది జారింది. చదువు చదువు."

అఖ్సా నవ్వాపుకుని చదివింది. "షరీఫాకు తొలి కాన్పులో ఆడపిల్ల పుట్టింది. ఏడో రోజు పేరు పెడదామని చుట్టాలకు కబురు పంపారు. ఐదో రోజు తెల్లారుజామున పాప ఒళ్లు కాలిపోతోంది. తండ్రి పాపను ఎత్తుకుని చెవిలో మెల్లగా, షబ్రీన్ అని పిలిచాడు. మిగతా రేపు."

అమ్మ చేతులు ఆగిపోవడం చూసి అఖ్సా తలెత్తింది. "ఏంది మా, అట్లైపోతివి? ఇది కథేలే."

"నీకంటే ముందు ఒకతి పుట్టిందే," అంది షహర్‌బాను. "ఐదు దినాలుండింది."

ఇరవై నాలుగేళ్లు వచ్చిన అఖ్సాకు ఆ మాట వినడం అదే మొదలు. అమ్మ చెయ్యి పట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఫోను కోసం హజరత్ వలి వెనక్కి వచ్చాడు.

షహర్‌బాను చాట పక్కకు తోసి లేచింది. "దీన్ని కూడా చెప్పినావా ఆ పిల్లకు? నాకు ఇరవై ఏడేండ్లుగా ఒక్క మాట చెప్పనోడివి! ఆ పొద్దు బిడ్డను మట్టిలో పెట్టొచ్చి, కాళ్లు కడుక్కొని పరుపు కుట్టను కూర్సున్నావు. నిన్ను రాయి అనుకున్నా. నేనొక్కదాన్నే ఏడ్సినా, తెలుసునా?"

"నీ ముందర ఆ మాటెత్తితే నువ్వు తట్టుకోలేవనుకున్నా బానూ. ఎవరింట్లోనో జరిగినట్టు రాసినా. ఆ పిల్ల కథలో మన వసారా కనపడె. చెయ్యి ఆగలే."

"మరి నా బిడ్డకు పేరు పెట్టను ఆమె ఎవరు?"

హజరత్ వలి తల దించుకున్నాడు. "పేరు నాదే. ఏడో దినం చెప్దామని దాచుకోనుంటి. ఆ తెల్లారుజామున నువ్వు సోలిపోయి పండుకోనుంటివి. ఉంటాదో ఉండదో అని ఒకసారి చెవిలో పిలిచినా. కండ్లు తెరిసి సూసింది నన్ను." ఆ పెద్ద మనిషి గోడకానుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

మొగుడు ఏడవడం ఆమె ఎన్నడూ చూడలేదు. అయినా కోపం ఎక్కడో ఒకచోట దిగాలి కదా. "ఆ పిల్లకు ఫోను కొట్టు," అంది కూతురితో.

కథ చివర లోహిత ఇచ్చిన నంబరుకు అఖ్సా ఫోను కలిపి స్పీకర్లో పెట్టింది. సంగతి వినగానే లోహిత బెదిరిపోయింది. "అయ్యో అమ్మా, మీ ఇంట్లోదని తెలీదమ్మా! ఇప్పుడే సీరియల్ మొత్తం తీసేస్తా. ఇంక రాయను."

తీసెయ్ అనబోయింది షహర్‌బాను. నోరు రాలేదు. ఆ బిడ్డకు ఫొటో లేదు. ఏ కాగితంలోనూ లేదు. చూసినవాళ్లలో మిగిలింది తామిద్దరే. ఈ లోకంలో ఆ పాప ఉందని రాసి ఉన్నది ఆ పిల్ల కథలో ఒక్కచోటే. దాన్ని కూడా తన చేతులతో తుడిచేయమంటుందా?

"తీసెయ్యొద్దు పాపా. రేపటి భాగంలో ఏముండాది?"

లోహిత నసిగింది. "పాప చచ్చిపోతాదమ్మా."

"సంపొద్దు. జరం తగ్గిపోనీ. ఏడో దినం రానీ." షహర్‌బాను కొంగుతో కళ్లు తుడుచుకుని, మొగుడి వైపు తిరిగింది. "నేనూ ఒక పేరు అనుకోనుంటి. మాబున్ని. మీయమ్మ పేరు. నీతో చెప్పకుండా పెట్టించి, నీ మొగం సూడాలనుకున్నా."

హజరత్ వలి వచ్చి పక్కన కూర్చుని ఆమె భుజం మీద చెయ్యేశాడు. ఇన్నేళ్లలో కూతురి ముందు అలా కూర్చోవడం అదే మొదటిసారి. షహర్‌బాను ఆ చెయ్యి తియ్యలేదు.

"రాసుకో పాపా," అంది ఫోన్లో. "బళ్లో షబ్రీన్. ఇంట్లో మాబున్ని. నువ్వు ఇంకా ఎన్ని భాగాలు రాయగలవు?"

"ఎన్నయినా రాస్తానమ్మా."

"అయితే దాన్ని పెద్దదాన్ని చెయ్యి."