ఒక అంతస్తు తేడా

"నిన్న మన ఏజెంట్ లిన్ఫర్డ్‌ని చంపింది మన ఆఫీసు మనిషే," అంది మిసెస్ ఫాన్‌షా, టీ కప్పు కింద పెడుతూ. "ఎవరో తెలీదు. అందుకే ఈ పని మీ ఇద్దరికే చెబుతున్నాను. ఈ సాయంత్రం డాక్టర్ హోలుబ్ పార్లమెంటు కమిటీ ముందు ముఠావాళ్ల పేర్లన్నీ బయటపెడతాడు. అప్పటిదాకా ఆయన బతికుండాలి. ఆయన్ని దాచే హోటల్లో మీరు తప్ప మనవాళ్లెవరు కనబడినా, వాళ్లే హంతకులు."

వింటున్న ఇద్దరిలో ఒకడు లండన్‌వాడు సిరిల్ హాథవే. ఎన్నేళ్లుగా ఏజెంటుగా ఉన్నా, భయం మాత్రం నిన్న చేరినవాడిలాగే వేస్తుంది. పక్కనున్న అమెరికన్ ఏజెంట్ డ్వేన్ కాల్‌హూన్ నవ్వుతున్నాడు.

"ఇంకోమాట," అంది ఆవిడ. "మీ ఇద్దరిదీ ఇంగ్లీషే, కానీ ఒకటే ఇంగ్లీషు కాదు. మొన్న ఈ పెద్దమనిషి మంత్రిగారి భార్యతో 'మీ ప్యాంట్స్ బాగున్నాయి' అన్నాడు. ఇక్కడ ప్యాంట్స్ అంటే లోదుస్తులు. ఆవిడింకా తేరుకోలేదు."

"నేర్చుకుంటున్నాను మేడమ్!" అన్నాడు డ్వేన్.

లండన్‌లోని బ్లూమ్స్‌బరీ పేటలో చిన్న హోటల్. కూలీ వేషంలో సిరిల్ డాక్టర్‌ని మెట్లెక్కించి, లాబీకి సరిగ్గా పైనున్న అంతస్తులో చివరి గదికి చేర్చి లాబీలోకి దిగాడు. కోటు బొత్తాంలో దాచిన రేడియోలో, 'గొడుగు' అనే మారుపేరున్న డ్వేన్‌తో గుసగుసలాడాడు.

"గొడుగు, రెండో అంతస్తు, చివరి గది. గుమ్మం ముందు నిలబడు."

"అలాగే గురూ."

కాసేపటికి హోటల్ తలుపు తెరుచుకుంది. ఉన్నికోటు, చేతిలో కేకు డబ్బా. తన ఆఫీసులోనే పనిచేసే ఇమోజెన్! భోజనానికి పిలవాలని ఎన్ని నెలలుగానో సిరిల్ ధైర్యం కూడగట్టుకుంటున్నది ఈమె కోసమే. అంటే లిన్ఫర్డ్‌ని చంపింది ఈమే.

"ఏం సిరిల్, కూలీ వేషం భలే నప్పిందే!" అంటూ ఆమె కౌంటర్‌వైపు నడిచింది. ముసలి విదేశీ పెద్దాయన ఏ గదిలో ఉన్నాడని ఆ అందగత్తె అడిగితే, కాదనలేక గుమాస్తా చెప్పేశాడు. ఆమె లిఫ్టెక్కింది. లాబీ నిండా పిల్లలు, తుపాకీ తీసే వీల్లేదు. పైన డ్వేన్ ఉన్నాడు కదా అనుకున్నాడు సిరిల్.

"గొడుగు, ఇమోజెన్ వస్తోంది."

"రానీ గురూ. ఇక్కడ చీమ చిటుక్కుమనడం లేదు. క్రిస్ప్స్ తింటున్నా."

సిరిల్ ఆ మాట దగ్గర ఆగిపోయాడు. ఆలూ చిప్స్‌ని లండన్‌లోనే క్రిస్ప్స్ అంటారు, అమెరికావాడు చిప్స్ అంటాడు. అంటే డ్వేన్ మర్యాదకొద్దీ సిరిల్ మాటలే వాడుతున్నాడు. తనేమో మర్యాదకొద్దీ అతని లెక్కలో అంతస్తు చెప్పాడు. అమెరికాలో నేలమీదున్నదే మొదటి అంతస్తు, లండన్‌లో దాని పైది. డ్వేన్ లండన్ లెక్క పట్టుకుని, ఒక అంతస్తు పైన ఖాళీ గదికి కాపలా కాస్తున్నాడు!

"కిందికి దిగు!" అని అరిచాడు. రేడియో గరగరమని మూగబోయింది. ఒళ్లంతా పారిపొమ్మంటున్నా సిరిల్ మెట్లమీద పరిగెత్తాడు.

గది తలుపు తీసే ఉంది. కేకు డబ్బాలోంచి తీసిన పిస్తోలు డాక్టర్ గుండెకు గురిపెట్టి ఉంది.

"లోపలికి రా సిరిల్. నువ్వంటే నాకిష్టమే. అందుకే నీ వంతు రెండోది."

సిరిల్ వెళ్లి డాక్టర్‌కి అడ్డంగా నిలబడ్డాడు. చచ్చేంత భయం.

"తప్పుకో."

"కాళ్లు కదలడం లేదు," అన్నాడు. అది నిజమే.

ఆమె వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది. అంతలో కిటికీ అద్దం భళ్లున పగిలింది. సరిగ్గా పై గది కిటికీలోంచి, మంటలొస్తే దిగే ఇనుప నిచ్చెన పట్టుకుని జారిన డ్వేన్ ఆమె మీద పడ్డాడు. గుండు సీలింగులోకి పోయింది.

బేడీలు పడ్డాక ఇమోజెన్ పళ్లు నూరింది. "కాపలా గుమ్మం దగ్గరుంటుందనుకున్నాను."

"మేమూ అలాగే అనుకున్నాం," అన్నాడు సిరిల్.

సాయంత్రం డాక్టర్ పేర్లన్నీ చెప్పేశాక మిసెస్ ఫాన్‌షా ఇద్దరినీ పిలిచింది. "ఇంతకీ ఏ అంతస్తులో పట్టుకున్నారు?"

"రెండో అంతస్తు," అన్నాడు సిరిల్.

"మొదటి అంతస్తు," అన్నాడు డ్వేన్, అదే క్షణంలో.

ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఇకనుంచి నా ఆఫీసులో మర్యాద పాటించినవాడికి ఉద్యోగం ఉండదు."