పిలుపులోళ్ళ మూడో పిలుపు

"ఇంటిపేరు తీసేసుకుంటే తీసేసుకో. కానీ గా మూడో పిలుపు పిలిచినవంటే మాత్రం నా గడప తొక్కకు!"

బోరబండ గుట్ట మీది ఆ కిరాయి ఇంట్ల పొద్దుగాల్నుంచి ఇదే లొల్లి. కొమురమ్మ చాయ్ గ్లాసు టక్కున గడప పక్కన పెట్టింది. మనవరాలు మంజులత జడ ఏసుకుంట అద్దంల నుంచే జవాబిచ్చింది.

"అవ్వా, గది సిన్మా. శవం లేదు, పాడె లేదు. రూముల మైకు ముందట నిలబడి పిలుసుడే. జర ఊకో."

మంజులత ఫిల్మ్‌నగర్ల డబ్బింగ్ చెప్తది. ఇన్నొద్దులు గుంపుల ఏడ్పులు, పెండ్లి సీన్ల నవ్వులు. హీరోయిన్‌కు గొంతిచ్చుడు ఇయ్యాలనే మొదలు. శవాన్ని కాటికి తీస్కపోతుంటే నడుమల దింపి, చెవుల పేరు పెట్టి పిలుస్తరు కదా, దింపుడు కల్లం… గదీ సీను. హీరోయిన్ చచ్చిపోయిన అవ్వను మూడుసార్లు పిలవాలె. మంజులత కాదంటే ఇంకో పిల్ల బయటనే కూసోని ఉంటది. తెర మీద 'పిలుపుల మంజులత' అని పడితే నవ్వుతరని, ఉత్త మంజులత అని రాయించుకుంది. లొల్లి అక్కడ మొదలై ఈడికొచ్చింది.

"అందరు మూడుసార్లు పిలుస్తరు. మనం రెండింటికే ఆగుతం. ఎందుకో ఎర్కనా?" కొమురమ్మ గొంతు తగ్గించింది. "అంతకుముందు మనం కాసులోళ్ళం. పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు మా మామ సచ్చిపోయిండు. నేనప్పుడు కొత్త కోడల్ని. దింపుడు కల్లం కాడ మీ తాత మూడోసారి పిలిచిండు. మామ 'ఆఁ' అన్నడు. లేచి కూసున్నడు. గప్పట్నుంచి ఊరోళ్ళు మనల్ని పిలుపులోళ్ళు అనవట్టిరి."

"మంచిదే గదనే! సచ్చినోడు బతికొచ్చిండు."

"వచ్చినోడు మా మామ కాదే పిల్లా. ఊళ్ళె ఎవర్ని ఎవరు పిలిచినా, మా అరుగు మీదికెల్లి 'ఆఁ' అంటుండె. ఒక్కల పేరు యాదిలేదు. కనబడ్డోళ్ళనల్లా అడుగుతుండె… నీ పేరేంది, ఇంటిపేరుతోని చెప్పు, అని. మా ఆడిబిడ్డ నవ్వుకుంట చెప్పింది. పొద్దుగూకేవరకు ఆమె పానం పోయింది." కొమురమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. "ఆయన్ని మళ్ళెట్ల సాగనంపిన్రో నన్నడగకు."

"నీకు కథలు రాసే నౌకరి ఇప్పిస్త తీ," అని నవ్వి, మంజులత ఆటో ఎక్కింది.

డబ్బింగ్ రూముల పగలుకూ రాత్రికీ తేడా ఉండదు. మందం తలుపు మూస్తే బయటి హారన్లన్నీ ఒక్కసారే కోసేసినట్టు ఆగిపోతయి. ఏసీ సల్లదనం, ముక్కిన కార్పెట్ వాసన, చెవుల తన ఊపిరి తనకే. తెర మీద పాడె దించిన్రు. హీరోయిన్ వంగింది.

"రెడీనా అమ్మా?" అద్దం అవతల్నుంచి సౌండ్ ఇంజనీర్ వేంకటరమణ అడిగిండు.

"అవ్వా…" బాగొచ్చింది. "అవ్వా…" ఇంకా బాగొచ్చింది.

మూడోది గొంతుల్నే ఆగింది.

భయమని ఒప్పుకుంటదా? "రమణ గారూ, గొంతు పట్టేసింది. మొదటి పిలుపునే కాపీ చేసి మూడోదాని కాడ పెట్టరాదుండ్రి?"

"అదెంత పని! మన డైరెక్టరుగారికి తెలిస్తే కదా," అని ఆయన నవ్విండు.

మంజులత మనసు తేలికయింది. పిలిచింది రెండేసార్లు. అవ్వ మాట దాటలేదు, పని పోలేదు.

రమణ మొదటికెల్లి ప్లే చేసిండు. అవ్వా… అవ్వా… అవ్వా…

"ఆఁ."

రమణ ప్లే ఆపిండు.

"ఎవరమ్మా పలికింది?"

"నేను కాదు."

మళ్ళా ప్లే చేసిండు. మూడో పిలుపు… "ఆఁ." ఆయన స్క్రీన్ దగ్గరికి వంగి చూసిండు. "పిలుపు తర్వాత ట్రాక్ ఖాళీగా ఉందమ్మా," గుసగుసగా అన్నడు. "ఏం లేదక్కడ."

మంజులత ఒకసారి విన్న గొంతు మర్చిపోదు. ఆకు నములుకుంట, చివరకు ముక్కుల నుంచి లాగే 'ఆఁ'… అది అవ్వది. అవ్వకు ఫోన్ చేసింది. మోగింది. మోగుతనే ఉంది.

బోరబండ చేరేసరికి గుట్ట మీద లైట్లు ఎలుగుతున్నయి. సందు మలుపు తిరగంగనే పానం కుదుటపడ్డది. కొమురమ్మ గడపల కూసోని ఉంది, రోడ్డు దిక్కు చూసుకుంట.

"ఏందవ్వా, ఫోన్ ఎత్తవ్? పానం పోయినంత పనైంది!"

కొమురమ్మ తిరగలేదు.

పక్కింట్లకెల్లి మంజులత వినంగనే ఒకామె కొడుకును పిలిచింది. "హనుమంతూ… అన్నానికి రారా!"

"ఆఁ," అంది కొమురమ్మ.

సందు చివర ఎవరో కేకేసిన్రు. "ఓ భిక్షం!"

"ఆఁ."

గడప పక్కన పొద్దుగాలటి చాయ్ గ్లాసు అట్లనే ఉంది. నిండుగ. మీగడ మీద చీమలు.

కొమురమ్మ అప్పుడు మెల్లగ మొఖం తిప్పింది. నవ్వింది. కొత్తోళ్ళను చూసినట్టు.

"ఎవరు బిడ్డా? నీ పేరేంది… ఇంటిపేరుతోని చెప్పు."

ఎనకకు తిరిగి ఉరుకుదామంటే, అది అవ్వ మొఖం. తెర మీద వద్దని తీసేయించిన ఇంటిపేరు మంజులత నాలుక చివరకొచ్చి ఆగింది.

మీరైతే చెప్తరా?