ఎర్ర గీత గొర్రెపిల్ల

ఉదయం ఎనిమిదింటికి ఉత్తర ఇంగ్లండ్‌లోని కంబ్రియా కొండల్లో హత్య జరిగింది. హతుడి రెక్కలు చాపితే ఏడడుగులు.

మగ బంగారు గద్ద బండ కింద తలకిందులుగా పడి ఉంది. పక్కన సగం తిన్న కుందేలు. ఏజెంట్ ఫెలిక్స్ టెబేను భయపెట్టింది గద్ద కాదు, ఈగలు. కుందేలు చుట్టూ వందల ఈగలు వెల్లకిలా చచ్చి ఉన్నాయి. వాలిన ఈగ వాలినట్టే పోయింది.

చెవిలోని రిసీవర్ గరగరలాడింది. లండన్ నుంచి చీఫ్.

"ఆడగద్ద?"

"బతికే ఉంది సర్. గూట్లో రెండు పిల్లలు."

"పన్నెండింటికి పర్యావరణ మంత్రి వస్తున్నాడు. టెలిస్కోప్‌లో బతికున్న గద్ద కనిపిస్తే ఈ లోయను అభయారణ్యంగా ప్రకటిస్తూ అక్కడే సంతకం. కనిపించలేదా, ఫైలు మూత. వచ్చే వారమే విదేశీ గని ముఠా కొండకు డైనమైట్ పెడుతుంది. విను ఫెలిక్స్, రెండో విషపు ఎర కూడా పెట్టేశారట."

"ఎక్కడ?"

"వివియన్ కనుక్కుని చెబుతుంది."

వివియన్ ఆష్‌క్రాఫ్ట్. మంత్రికి సలహాదారు. గని ముఠా జీతం తీసుకుంటూ వాళ్ల రహస్యాలు మనకు చేరవేసే డబుల్ ఏజెంట్. ఆకుపచ్చ కోటు వేసుకుని గదిలోకి వస్తే మగవాళ్లు మాట మధ్యలో ఆపేస్తారు.

ఫెలిక్స్ వాచీ చూసుకున్నాడు. అందులో సన్నటి ఎర్ర చుక్క. ఆడగద్ద వీపు మీది ట్రాన్స్‌మిటర్ పంపే సిగ్నల్. చుక్క గూట్లోనే ఉంది. పిల్లలకు ఆకలేసేదాకా ఉంటుంది.

మూడు వారాలుగా అతను రాతిగోడలు కట్టే మేస్త్రీ వేషంలో ఉన్నాడు. పదకొండున్నర దాకా గోడ దగ్గరే కాచుకున్నాడు. అప్పుడు ఫోన్ మోగింది.

"కొండ మీద చలి పెరిగింది," అంది తీయటి గొంతు.

"దుప్పటి తెస్తున్నా," అన్నాడు. కోడ్ సరిపోయింది.

"ఉత్తరపు బండ మీద గొర్రెపిల్ల. త్వరగా వెళ్లు, డార్లింగ్."

పదమూడు నిమిషాల్లో ఎక్కాడు. గొర్రెపిల్ల ఉంది. భుజం మీద నీలం రంగు చుక్క. గ్లౌజులు తొడుక్కుని వంగినవాడు ఆగిపోయాడు.

ఈగలు. జుమ్మని ముసురుతున్నాయి. ఒక్కటీ చావలేదు.

"ఓయ్ గోడల మేస్త్రీ! పొద్దుట్నించి మూడు రాళ్లు పేర్చి, అప్పుడే షికారా?"

వెనక ఆగ్నెస్ బర్కెట్. డెబ్బై ఏళ్ల గొర్రెల కాపరి. ఆ కొండ మీద ఆమె మంద తప్ప ఇంకోటి మేయదు.

"ఈ పిల్ల మీదేనా అమ్మా?"

"నీలం చుక్క కనబడట్లా? నాదే. జబ్బు చేసి నిన్న పోయింది. ఏంటయ్యా, నా చచ్చిన పిల్ల మీద అందరికీ ఇంత ప్రేమ? నిన్న సాయంత్రం ఆకుపచ్చ కోటు మహారాణి కూడా వచ్చి, ఎక్కడుందని అడిగిపోయింది."

వివియన్‌కి ఇది మామూలు చావని తెలుసు. తెలిసే పంపింది.

"అమ్మా, ఇంకెక్కడైనా గొర్రెపిల్ల చచ్చి పడుందా?"

"అదే నాకూ అర్థం కాలా. దక్షిణపు గట్టు మీద ఒకటుంది. తుంటి మీద ఎర్ర గీత. ఎర్ర గీతంటే అవతలి లోయ టైసన్ వాళ్ల మంద. తల్లి మేసిన మెట్ట వదిలి ఈ కొండల గొర్రె గజం కూడా కదలదు. దానంతటది ఎలా వచ్చుద్ది? ఎవడో మోసుకొచ్చి పడేశాడు. గొర్రెల సంగతి ఓనమాలు తెలీని వెధవెవడో!"

వాచీలో చుక్క కదిలింది. గూడు వదిలింది. దక్షిణం వైపు.

ఫెలిక్స్ పరుగెత్తాడు.

వాగు, బురద, మళ్లీ ఎక్కుడు. ఊపిరి అందడం లేదు. గట్టు మీద ఎర్ర గీత కనిపించింది. అక్కడ రొద లేదు. గడ్డి మీద నల్లగా, మిరియాలు చల్లినట్టు, చచ్చిన ఈగలు.

నీడ అతని మీదుగా జారింది. తలెత్తాడు. ఆడగద్ద రెక్కలు ముడుచుకుని, గోళ్లు చాచి దిగుతోంది. ఇరవై అడుగులు. పది.

కోటు విప్పి కళేబరం మీద విసిరి, దానికి అడ్డంగా నిలబడి చేతులు చాచి అరిచాడు. రెక్కల గాలి చెంపదెబ్బలా తగిలింది. గద్ద చివరి క్షణంలో పక్కకు ఒరిగి పైకి లేచింది.

కింద లోయలో టెలిస్కోప్ దగ్గర మంత్రి చప్పట్లు కొడుతున్నాడు. గద్ద గూటికి చేరింది. మంత్రి పక్కనున్న వివియన్ మాత్రం చప్పట్లు కొట్టలేదు.

ఫెలిక్స్ గోనెసంచీతో దిగి వచ్చాడు.

"ఉత్తరం అన్నాను కదా," అంది ఆమె.

"వెళ్లాను. అక్కడ ఈగలు బతికే ఉన్నాయి. మీవాళ్లు అవతలి లోయ పిల్లను తెచ్చారు. గీతైనా చెరపలేదు."

"ఏ గీత?"

నటన కాదు. నిజంగానే తెలియదు. ఫెలిక్స్ సైగ చేయగానే, మంత్రికి తోడుగా వచ్చిన పోలీసులు ఆకుపచ్చ కోటు చేతులకు సంకెళ్లు వేశారు. మంత్రి సంతకం చేశాడు. కెమెరాలు మెరిశాయి.

అంతలో గుంపును తోసుకుంటూ ఆగ్నెస్ వచ్చింది.

"మేస్త్రీ! గద్దను కాపాడావంట. సంతోషం. వచ్చేటప్పుడు నా గేటు మూశావా?"

ఫెలిక్స్ రోడ్డు వైపు చూశాడు. మంత్రిగారి కారు చుట్టూ నూట నలభై నీలం చుక్కలు తాపీగా తిరుగుతున్నాయి.

మూడు దేశాల గూఢచారులకు లొంగని ఏజెంట్ గొర్రెలను తోలడానికి ఆమె చేతిలోని కర్ర అందుకున్నాడు.