అటక మీది కురిడీలు

తెల్లారగానే కామేశ్వరరావుగారు నిచ్చెన వేసుకుని అటక మీది కురిడీలు దించుతున్నారు. ఒక్కో ఎండిన కొబ్బరికాయని చెవి దగ్గర పెట్టుకుని ఊపడం, లోపల ఎండుకొబ్బరి గలగలమంటే బుట్టలో వేయడం, మోగకపోతే మళ్ళీ పైనే ఉంచడం. కూతురి పెళ్ళికని నిరుడే దాచిన కాయలవి. తీరా పెళ్ళిరోజున ఆయన ఈ పని పెట్టుకుని కూర్చోవడమే విడ్డూరం.

పెంకుల సందుల్లోంచి ఎండ సన్నగా దిగుతోంది. ఆ వెలుగులో శ్రీదుర్గ పట్టుచీరతో నిలబడింది.

"నాన్నగారూ, అమలాపురం బయల్దేరుతున్నామండి."

"మంత్రం లేదు, మేళం లేదు. ఆఫీసులో పెళ్ళేంటమ్మా?"

"చర్చిలో అయితే నన్ను బాప్తిస్మం తీసుకోమన్నారు. మన పంతులుగారేమో ప్రవీణ్‌ని పేరు మార్చుకోమన్నారు. ఎవరిలా వాళ్ళం ఉండి చేసుకోడానికి చట్టం ఒక్కటే దారిచ్చిందండి."

"అయితే నాతో పనేముంది?"

"ముగ్గురు సాక్షులు కావాలి. అమ్మ, మార్తమ్మ అత్తయ్యగారు ఉన్నారు. మూడో మనిషిగా నేనెవర్నీ పిలవలేదు. మీరు రాకపోతే ఇవాళ పెళ్ళి లేదండి."

ఆయన మళ్ళీ అటకవైపు తిరిగారు. ఆమె గుమ్మం దాటుతుంటే వెనక ఒక కాయ గలగలమంది.

రిజిస్ట్రారు ఆఫీసులో ఫ్యాను మెల్లగా తిరుగుతోంది. కిటికీలోంచి కాలువగాలి వస్తోంది. ప్రవీణ్ తల్లి మార్తమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థిస్తోంది. శ్రీదుర్గ తల్లి కృష్ణవేణి మొగుడి కోసం వీధివైపే చూస్తోంది. శ్రీదుర్గకి తను ఎంతసేపు కూర్చుందో కూడా తెలియలేదు, అంతా కలలో జరుగుతున్నట్టుంది.

గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైంది. తువ్వాల్లో ఏదో మూటకట్టుకుని నాన్న నిలబడ్డారు.

"ఈ పెళ్ళి కురిడీలు పిల్లల చేతుల్లో పెట్టొచ్చాండి?" అని రిజిస్ట్రారుగారిని అడిగేరు.

"మీకు నచ్చిన పద్ధతిలో చేసుకోండి. స్వీకరిస్తున్నానన్న ఆ ఒక్క మాట మాత్రం ఇద్దరూ నోటితో చెప్పాలి. సాక్షులు వినాలి."

"ఆయ్, వింటానండి."

ఇద్దరి చేతుల్లో చెరో కురిడీ పెట్టేరు. "శ్రీదుర్గా, నిన్ను నా భార్యగా స్వీకరిస్తున్నాను" అన్నాడు ప్రవీణ్. శ్రీదుర్గ కూడా "నిన్ను నా భర్తగా స్వీకరిస్తున్నాను" అని స్పష్టంగా చెప్పింది. కామేశ్వరరావుగారికి, మంత్రాల్లా కాకుండా, ప్రతి ముక్కా అర్థమైంది. కళ్ళు తుడుచుకుని సంతకం పెట్టేరు.

కృష్ణవేణి ఆయన పక్కకి జరిగింది.

"మన పెళ్ళిలో నన్ను ఈ మాట ఎవరూ అడగలేదండి."

ఆయన ఆవిడ వైపు తిరిగారు.

"ఇప్పుడు నేనడిగితే?"

ఆమె తువ్వాల్లో మిగిలిన కురిడీ తీసి, ఆయన చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపింది. అది గలగలమంది.