మా గోత్రం చెప్పినందుకు

మా ఇంట్లో పోయినవాళ్ళ తిథులన్నీ నాకే గుర్తు. మామగారిది మాఘ బహుళ షష్ఠి. అత్తగారిది ఆశ్వయుజ శుద్ధ ఏకాదశి. పెళ్ళి కాకుండానే పోయిన చిన్న ఆడపడుచుది కార్తీక పౌర్ణమి మర్నాడు. మా వారు జగదీష్ గారికి ఆఫీసు పాస్‌వర్డులు తప్ప మరేవీ గుర్తుండవు.

అమెరికాలో, ఇర్వింగ్ ఊళ్ళో మేం ఈ పాత ఇల్లు కొని రెండేళ్ళయింది. ప్రతి అమావాస్యకీ పెరట్లో ఒక దుంగ మీద అరిటాకు ముక్క పరిచి, పెద్దల పేర్లు చెప్పుకుంటూ అన్నం ముద్దలు పెడతాను. కాకులు తక్కువ ఇక్కడ. నల్లగా, పొడుగు తోకతో ఇంకేవో పిట్టలు వచ్చి తింటాయి. పెద్దలు ఏ రూపంలో వస్తేనేం అని సరిపెట్టుకునేదాన్ని.

ఒకరోజు ఎదురింటి రేష్మ చెప్పింది. "ఆంటీ, మీకు ముందు ఆ ఇంట్లో మార్గరెట్ అని ఒక పొడుగాటి ముసలావిడ ఉండేదట. ఒక్కతే. పోయిన తొమ్మిది రోజులకి గానీ ఎవరికీ తెలియలేదట. పిల్లల్లేరు, ఎవరూ లేరు."

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మహాలయ అమావాస్య వచ్చినప్పుడు ఆవిడకీ ఒక ముద్ద పెట్టాను. దిక్కులేనివాళ్ళకి పెట్టడం మా అత్తగారు నేర్పిందే. కానీ అత్తగారు వాళ్ళకి పేరూ గోత్రమూ లేకుండా వేరే ఆకులో, దూరంగా పెట్టించేది. నేను మా పెద్దల వరసలోనే పెట్టాను. మార్గరెట్ పేరు చెప్పాక గోత్రం దగ్గర ఆగిపోయాను. పాపం, ఆవిడకి గోత్రం ఎక్కడిది? మాదే చెప్పాను. "కౌండిన్యస గోత్రం, మార్గరెట్. మా ఇంటి మనిషివే అనుకో తల్లీ. ఆకలేసినప్పుడు రా."

ఆనాటి నుంచి ఆకులో ఒక్క మెతుకు మిగిలేది కాదు. పిట్టలు తిన్నట్టు ఉండేది కాదది. వేలితో తుడిచినట్టు ఉండేది.

నవంబరులో సిటీ వాళ్ళ నుంచి లెటర్ వచ్చింది. పెరడు అడివిలా ఉంది, పది రోజుల్లో బాగు చేయించండి అని. మా వారు చెత్త వేయడానికి పెద్ద డంప్‌స్టర్ ఒకటి అద్దెకి బుక్ చేశారు. ఆరడుగుల ఎత్తు ఇనప డబ్బా, పైన మూత లేదు. ఒక చిన్న గది అంత ఉంది. వెనక బీరువా తలుపులా తెరుచుకునే పెద్ద తలుపు, దానికి బయట గడియ. ఇంటి పక్క డ్రైవ్‌వేలో చెక్కలు పరిచి దింపి వెళ్ళాడు ట్రక్ డ్రైవర్. శనివారం సాయంత్రం ఆరింటికి తీసుకుపోతానన్నాడు.

శనివారం పొద్దుట ఇద్దరు పనివాళ్ళు వచ్చారు. ముళ్ళ తీగలూ విరిగిన కొమ్మలూ కుళ్ళిన కంచె చెక్కలూ అన్నీ కొట్టి ముక్కాలు డబ్బా నింపారు. నేను పూజలో ఉన్నాను. సాయంత్రం అయిదున్నరకి పెరట్లోకి వెళ్ళి చూస్తే దుంగ లేదు.

"ఏమండీ, నా దుంగేదీ?"

"ఏ దుంగ? అన్నీ డంప్‌స్టర్‌లోకే పోయాయి."

"అయ్యో, పెద్దలకి ముద్ద పెట్టే చోటండీ అది. చెత్తలో పోతే ఎలా?"

"గొణక్కు రాధా, గట్టిగా చెప్పు. నీ గొంతు పక్క గదిలోకి రావాలన్నా వీసా కావాలి," అని నవ్వి ఫోన్ చూసుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు.

నేనే వెళ్ళాను. డబ్బా వెనక తలుపు బార్లా తీసి ఉంది. పెద్దల చోటుని చెప్పులతో తాకకూడదని చెప్పులు బయటే విడిచాను. నాలుగడుగులు లోపలికి వేయగానే కనిపించింది దుంగ, కొమ్మల గుట్ట అంచున. పచ్చి కట్టె వాసన, తుప్పు వాసన. వాటి కింద ఎక్కడో... అన్నం పులిసిన వాసన.

దుంగని రెండు చేతులా లాగాను. పైనున్న కొమ్మలన్నీ ఒక్కసారి కదిలాయి. దుంగ దొర్లి నా కుడికాలి మీద పడింది. దాని మీద కొమ్మలు. కూలబడిపోయాను.

వెనక తలుపు కిర్రుమంది. గాలేమో అనుకున్నాను. తలుపు నెమ్మదిగా, ఎవరో నిద్రపోతున్న పిల్ల గదికి వేసినట్టు, మూసుకుంది.

గడియ పడింది.

"ఏమండీ! ఎవరది?"

తర్వాత వినిపించింది. టప్... టప్‌టప్... టప్... టప్‌టప్... నా చెప్పుల చప్పుడు. ఎడమ చెప్పు మడమ దగ్గర ఊడి, నడిస్తే రెండుసార్లు కొట్టుకుంటుంది. అదే చప్పుడు. డ్రైవ్‌వే మీదుగా మా వంటింటి తలుపు వైపు వెళ్తోంది.

అరిచాను. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ అరవలేదు నేను. గొంతు ఎలా పెంచాలో కూడా తెలియలేదు. పక్కింటివాళ్ళు ఆకులు ఊదే మెషీన్ పెట్టారు. నా అరుపు ఇనప గోడలకి తగిలి నా మీదే పడింది. ఫోన్ దేవుడి గదిలో ఉంది.

డబ్బాకి పక్కనే మా వంటింటి కిటికీ. మెషీన్ కాసేపు ఆగింది.

"వచ్చావా?" మా వారి గొంతు. "ఆకలేస్తోంది రాధా."

"వడ్డిస్తానండీ."

నా గొంతు. మెత్తగా, కొంచెం గాలి కలిసి... అచ్చం నా గొంతు.

పోపు చిటపట వినిపించింది. ఇంగువ వాసన వచ్చింది. మిరియాల చారు. నేను పెట్టే చారే. నా ఇంట్లో, నా పొయ్యి మీద. నేనిక్కడ చెత్తలో పడి ఉన్నాను.

నారాయణ నామం అనుకున్నాను. కాలు లాగుతుంటే ముళ్ళు ఇంకా లోపలికి దిగుతున్నాయి. పైన ఆకాశం నీలం నుంచి నలుపుకి తిరుగుతోంది. ఆరు కావస్తోంది. ఈ డబ్బాతో పాటు నేనూ వెళ్ళిపోతే... నన్ను వెతికేవాళ్ళెవరు? ఇంట్లో రాధ ఉంది కదా.

ట్రక్ వచ్చింది. నేల అదిరింది. డ్రైవర్ దిగి వంటింటి తలుపు కొట్టాడు.

"మేడమ్, లోపల పిల్లులూ అవీ ఏవీ లేవు కదా? ఒకసారి చూశారా?"

"ఎవరూ లేరు. తీసుకెళ్ళండి."

ఆ ఇంగ్లిష్ మాత్రం నాది కాదు. నేను ముందు తెలుగులో అనుకుని, తర్వాత ఒక్కొక్క మాటే పేర్చుకుంటాను. ఇది ఇక్కడే పుట్టి ఇక్కడే ముసలైపోయిన మనిషి ఇంగ్లిష్.

"బాబూ! నేనున్నాను! లోపలున్నాను!"

మోటారు రొదలో నా మాట నాకే వినపడలేదు. తల మీద టార్పాలిన్ పరుచుకుంటూ వచ్చింది. ఆకాశం సగమైంది. పావయింది. పోయింది. చీకటి.

గొలుసు బిగుసుకున్న చప్పుడు. డబ్బా ముందు భాగం లేచింది. అటున్న చెత్తంతా ఇటు జారడం మొదలుపెట్టింది. ఒక్కొక్క కొమ్మే... మెల్లగా... నా రొమ్ము మీదికి. దుంగతో పాటు నేనూ జారి తలుపుకి అంటుకుపోయాను. ఊపిరి అందడం లేదు. తలుపు సందులోంచి సన్నటి వెలుతురు గీత కనిపించింది. మెళ్ళో పసుపుపచ్చ చున్నీ లాగి, కొస సందులో దూర్చి, వేళ్ళతో తోశాను. ఇంకా... ఇంకా...

డబ్బా ఆగింది.

తలుపు తెరుచుకోగానే కొమ్మలతో పాటు నేనూ డ్రైవ్‌వే మీద పడ్డాను. ట్రక్ అద్దంలో పసుపుపచ్చగా ఏదో ఆడుతుంటే చూసి ఆపాడట డ్రైవర్. పాపం, భారీ మనిషి. నా ముఖం చూడగానే రెండడుగులు వెనక్కి వేశాడు.

"మేడమ్... ఇప్పుడే కదా మీరు, ఆ తలుపు దగ్గర..."

మాట పూర్తి చేయలేదు. వంటింటి తలుపు వైపు ఒకసారి చూసి, ట్రక్ ఎక్కి డబ్బాతో సహా వెళ్ళిపోయాడు. దుంగ నాకు దక్కలేదు.

కుంటుకుంటూ లోపలికి వెళ్ళాను. మా వారు భోజనాల బల్ల దగ్గర చారన్నం జుర్రుకుంటున్నారు.

"ఇదేం అవతారం? ఇప్పుడే కదా రెండోసారి వడ్డించి వెళ్ళావు! ఇంతలో ఎక్కడ పడ్డావు?"

ఇల్లంతా వెతికాను. మంచాల కింద, బీరువాల్లో, గరాజ్‌లో. ఎవరూ లేరు.

మర్నాడు మా పురోహితులు దామోదర్ గారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆయన ఒక్కటే అన్నారు.

"గోత్రం ఇచ్చాక ఇంటి మనిషేనమ్మా. రమ్మనడానికి మంత్రాలున్నాయి, సాగనంపడానికీ ఉన్నాయి. ఇంట్లో మనిషిని పొమ్మనడానికి నా దగ్గర ఏమీ లేదు."

మూడు నెలలయింది. ఇల్లు ప్రశాంతంగానే ఉంది. చప్పుళ్ళు లేవు, నీడలు లేవు. మా వారు ఎప్పటిలాగే ఆఫీసుకి వెళ్ళి వస్తున్నారు. సాయంత్రం పూట నేను కాఫీ ఇస్తే అందుకుని, తలెత్తి, నవ్వుతూ మాట్లాడతారు.

ఆ చూపు నా ముఖం మీద ఉండదు. నా తలకి జానెడు పైన ఆగుతుంది.

నిన్న ఉండబట్టలేక అడిగాను. "ఎవర్ని చూస్తున్నారండీ?"

"అదేం ప్రశ్న? నిన్నే," అన్నారు, అక్కడికే చూస్తూ.